భీమిలి దాకా సైకిల్ మీద: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మడూ,

డిసెంబరు సెలవులకి నువ్వూ, నీ ఫ్రెండ్స్ ఇద్దరూ వైజాగ్ వస్తున్నారని, ఇక్కడ సైకిళ్లు అద్దెకు తీసుకుని భీమిలి దాకా తొక్కుతారని మీ అమ్మ చెప్పింది. దాని టెన్షన్ దానిది. నాకైతే సంతోషమే. మీ ప్లానులో నచ్చనిది ఒక్కటే: టిఫిన్ తిని తొమ్మిదింటికి బయల్దేరడం. అది మార్చేయండి.

ఆర్కే బీచ్ నుంచి భీమిలి 30 కిలోమీటర్ల లోపే. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ అలవాటైన నీకు ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ అక్కడ నెత్తిన సోలార్ పలకల నీడ ఉంటుంది. ఇక్కడ అది లేదు. 2014లో హుద్‌హుద్ తుఫాను ఊళ్లో చెట్లని ఎలా ఊడ్చిపెట్టిందో నీకు గుర్తుండదు, అప్పటికి చిన్నపిల్లవి. పది దాటితే బీచ్ రోడ్డు మీద ఎండ, ఉక్క రెండూ పట్టుకుంటాయి. డిసెంబరైనా సరే.

ఎండ కంటే ముందు చూసుకోవలసింది గాలి. భీమిలి మనకి ఈశాన్యంలో ఉంది. చలికాలంలో గాలి కూడా ఎక్కువగా అటు నుంచే. కాబట్టి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. మీ అదృష్టం అది. వేసవిలో వచ్చేవాళ్లకి అంతా తారుమారు: నైరుతి గాలి వీపు తట్టి భీమిలి దాకా పంపిస్తుంది, అబ్బో ఎంత స్పీడుగా వచ్చేశామో అనుకుంటారు, తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నపు ఎండలో దానికే ఎదురెళ్లాలి. అందుకే నేను ఎవరికైనా రాను దూరం కాదు, పోను దూరం కాదు, తిరుగు ప్రయాణం ఎన్ని గంటలకో చెప్పమంటాను. మీరు తొమ్మిదిన్నరకి భీమిలిలో హ్యాండిలు ఇటు తిప్పేయాలి. అంటే ఇక్కడ ఐదున్నరకే పెడల్ మీద కాలు పడాలి. అప్పటికింకా చీకటే, సూర్యోదయం ఆరుంబావు దాటాకే. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండా సైకిల్ తీసుకోవద్దు.

ఆ వేళకి ఆర్కే బీచ్ రోడ్డులో వాకింగ్ వాళ్ల కోసం బళ్లు ఆపేస్తారు. రోడ్డంతా మనదే అనుకోకండి. నలుగురు వరసగా నడుస్తుంటారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మీ బెల్లు వాళ్లకి వినబడదు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, జోడుగుళ్లపాలెం తర్వాత కైలాసగిరి కింద రోడ్డు పైకి లేస్తుంది. తెన్నేటి పార్కు ఎత్తు అదే. గేరు ముందే తగ్గించుకుని నింపాదిగా ఎక్కండి. 2020 అక్టోబరు వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయింది ఈ పార్కు కిందే. వాతావరణ శాఖ వాయుగుండం అన్న రోజు మీరు మాత్రం గడప దాటొద్దు.

సాగర్‌నగర్ దాటాక రుషికొండ. అక్కడ ఆగి నీళ్లు తాగండి, నీళ్లలోకి మాత్రం దిగొద్దు. చెమట పట్టిన ఒంటికి సముద్రం ఊరిస్తుంది కానీ మన తీరంలో అలల లాగుడు పొల్లు మాట కాదు, కాళ్లు అలసి ఉన్నప్పుడు మరీను. అక్కడి నుంచి తొట్లకొండ తిరుగుడు వస్తుంది. పైన బౌద్ధారామం శిథిలాలు, ముందు సముద్రం. కొండ రోడ్డు చిన్నదే అయినా నిలువు. దీన్ని తిరిగి వచ్చేటప్పటికి పెట్టుకుంటే ఎక్కరు, నాకు తెలుసు. పోయేటప్పుడే ఎక్కండి, లేదా మానేయండి.

మంగమారిపేట వైపు స్పీడు తగ్గించండి. మత్స్యకారుల ఊళ్లు, పిల్లలు, కుక్కలు, ఎండబెట్టిన చేపలు. రోడ్డు అంచున ఇసుక పేరుకుంటుంది. మలుపులో దాని మీద బ్రేకు నొక్కితే చక్రం జారడం ఖాయం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిళ్లు తాళం వేసి నడిచి వెళ్లండి. వేల ఏళ్ల నాటి మట్టి అది, వానకే కోసుకుపోతుంది. దాని మీద టైర్లు ఎక్కించి రీల్స్ తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

భీమిలిలో లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, చూస్తే అంత హడావిడి ఏమీ కనిపించదు. ఇడ్లీ తినండి, బిర్యానీ వద్దు. బిర్యానీ తిని 30 కిలోమీటర్లు ఎవరు తొక్కుతారు? ఓపిక అయిపోతే ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్లు ఎక్కించేయండి, నామోషీ ఏమీ లేదు. తగరపువలస మీదుగా హైవే ఎక్కి తొక్కుదామని మాత్రం అనుకోవద్దు, అక్కడంతా లారీలు.

ఆదివారం అసలే వద్దు. సాయంత్రం దాకా రుషికొండ వైపు కార్లు, బైకు రేసులు. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

అద్దె సైకిల్ తీసుకునేటప్పుడు రెండు బ్రేకులూ నొక్కి చూడు. సీటు నీ నడుము ఎత్తుకి పెట్టించు, లేకపోతే మోకాళ్లు పట్టేస్తాయి. ఉప్పు గాలికి చైన్లు త్వరగా తుప్పు పడతాయి, కిర్రుమంటే వేరేది ఇమ్మను. స్పేర్ ట్యూబు, చిన్న పంపు అడిగి తీసుకో. దారిలో ఉండేవి బైకుల పంక్చర్ షాపులు, సన్న టైరు ట్యూబు వాళ్ల దగ్గర దొరక్కపోవచ్చు.

యారాడ కొండ ఈసారికి వద్దు. ఎక్కడం కంటే దిగడం కష్టం, మల్కాపురం వైపు లారీలు వేరే. సింహాచలం ఘాట్ రోడ్డు అయితే నేనే తీసుకెళ్తా, ఒక రోజు మిగుల్చుకోండి.

ముందురోజు రాత్రికే ముగ్గురూ మా ఇంటికి వచ్చేయండి. అత్తయ్య ఐదింటికి అరటిపళ్లు, కాఫీ ఇస్తానంది. ఎవరి సైజు ఏమిటో ముందే చెప్తే హెల్మెట్లు నేను చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మావయ్య