రాత్రి రెండింటిదాకా కూర్చున్నా కథ కదలడం లేదు.. నాది బద్ధకమా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 23. మాది ఒంగోలు దగ్గర పల్లె. చెన్నై తరమణిలో ఉద్యోగం, మందవెళ్లిలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. కాలేజీ రోజుల నుంచి కథలు రాస్తున్నాను. రెండు వారపత్రికల్లో అచ్చయ్యాయి కూడా. కానీ ఏడాదిగా ఒక్క కథా పూర్తి చేయలేకపోయాను. ఆఫీసు నుంచి వచ్చి, తిని, పదిన్నరకి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. నిద్ర రాకుండా కాఫీ తాగుతాను. నాలుగు లైన్లు రాయడం, కొట్టేయడం, ఫోన్ చూడడం.. ఇలా రెండవుతుంది. ఆరున్నరకి లేవాలి. పొద్దున్నే తల దిమ్ముగా ఉంటుంది. స్టేషన్ మెట్లెక్కితే ఆయాసం. జుట్టు ఊడుతోంది. ఆదివారం రాద్దామనుకుంటే మధ్యాహ్నం దాకా మెలకువే రాదు, తర్వాత నా మీద నాకే కోపం, ఏడుపు. ఏకాగ్రతకు మాత్రలు ఉంటాయని రూమ్మేట్ అంటోంది. వాడొచ్చా? నాలో ప్రతిభ లేదా, లేక బద్ధకమా?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఆ బద్ధకం అన్న మాట పక్కన పెట్టండి. బద్ధకమున్న మనిషి రోజంతా ఆఫీసులో పనిచేసి వచ్చి రాత్రి రెండింటిదాకా కుర్చీలో కూర్చోదు. ప్రతిభ సంగతి తేల్చడం డాక్టరు పని కాదు గానీ, రెండు కథలు అచ్చయిన అమ్మాయికి ఆ అనుమానం అక్కర్లేదనే అనుకుంటున్నాను. మీ ఉత్తరంలో నాకు కనిపించింది నిద్ర చాలని ఒళ్లు. బహుశా రక్తం తక్కువైన ఒళ్లు కూడా.

లెక్క చూడండి. రెండింటికి పడుకుని ఆరున్నరకి లేస్తే నాలుగున్నర గంటలు. మీ వయసుకు కనీసం 7 గంటలు కావాలి. రోజుకు రెండున్నర గంటల చొప్పున సోమవారం నుంచి శుక్రవారం వరకే 12 గంటలకు పైగా బాకీ. ఆదివారం మధ్యాహ్నం దాకా మెలకువ రాకపోవడానికి కారణం ఇదే. ఒళ్లు తన బాకీ వసూలు చేసుకుంటోంది. దానికి మిమ్మల్ని మీరు తిట్టుకుని ఏడవడం చూస్తే నాకు బాధేసింది.

నిద్ర తక్కువైతే మెదడులో ముందు దెబ్బతినేది ఏకాగ్రత, ఆ వెంటనే జ్ఞాపకాన్ని చేతికందేలా పట్టి ఉంచుకునే శక్తి. కథ రాయడానికి కావాల్సింది సరిగ్గా అదే కదా. మొదటి పేరాలో అత్తగారు ఏమన్నదో మూడో పేరా రాసేటప్పుడు మనసులో నిలవాలి. అలసిన మెదడు దాన్ని జారవిడుస్తుంది. అంతేకాదు, నిద్రలేనప్పుడు ప్రతిదీ ఉన్నదానికంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది. రాత్రి ఒంటిగంటకి మీరు కొట్టేసిన నాలుగు లైన్లు నిజంగా అంత చెడ్డవని నేను నమ్మను. ఒంటిగంటకి ఇచ్చే తీర్పును ఇకమీదట మీరూ నమ్మొద్దు.

కాఫీ సంగతి. కెఫీన్ సగం తగ్గడానికే మామూలుగా ఐదు గంటల దాకా పడుతుంది. పదిన్నరకి తాగిన ఫిల్టర్ కాఫీలో సగం తెల్లవారుజామున మూడున్నరకి కూడా మీ ఒంట్లో ఉంటుంది. మీరు పడుకున్నా నిద్ర గాఢంగా పట్టదు. మందవెళ్లి, మైలాపూర్ వీధుల్లో ఉంటూ కాఫీ మానేయమంటే అది జరిగే పని కాదు, అడగను కూడా. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు లోపు ఒకటి. అక్కడితో ఆపండి.

ఇంకొకటి. టిఫిన్‌తోనో భోజనంతోనో పాటు కాఫీ, టీ తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు. కనీసం గంట తేడా ఉంచండి. మీ ఆయాసం, జుట్టు ఊడడం చూస్తే నాకు ముందు తట్టింది రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతుందా లేదా మీరు రాయలేదు, అది డాక్టరుకు తప్పకుండా చెప్పండి. దగ్గర్లోని ల్యాబ్‌లో సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12 విటమిన్ పరీక్షలు చేయించండి. హీమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. 12 దాటినా ఫెరిటిన్ తక్కువుంటే నీరసం ఉండొచ్చు. థైరాయిడ్ మందకొడిగా ఉన్నా ఇలాగే తల దిమ్ము, మబ్బు కమ్మినట్టుండడం, జుట్టు ఊడడం ఉంటాయి. రిపోర్టు చూడకుండా ఐరన్ మాత్రలు కొనుక్కుని మింగొద్దు.

ఇప్పుడు రాయడం గురించి. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. తలనొప్పి అన్నాడు. చేతిలో 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఏంటది అని అడిగితే సిగ్గుపడుతూ ఇచ్చాడు. తిరగేశాను. ఒకే కథ మొదటి పేజీ పదకొండుసార్లు రాసి ఉంది. ప్రతిసారీ అక్షరాలు ఇంకాస్త గుండ్రంగా, ఇంకాస్త శుభ్రంగా. రెండో పేజీ మాత్రం ఎక్కడా లేదు. ఆ నోట్‌బుక్ నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. రాయడం వాయిదా వేసేవాళ్లలో చాలామందిది సోమరితనం కాదు, భయం. బాగా రాదేమో అన్న టెన్షన్ నుంచి తప్పించుకోవడానికే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఫోన్ చూడగానే కాసేపు హాయిగా ఉంటుంది, అందుకే మర్నాడు మళ్లీ అదే జరుగుతుంది.

దీనికి మానసిక వైద్యంలో వాడే పద్ధతే మీకూ చెబుతాను. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని ఎదురుచూడరు. ఫెయిల్ కావడానికి వీల్లేనంత చిన్న పని పెట్టుకుని, రోజూ ఒకే వేళకి, ఒకే చోట చేస్తారు. ఉత్సాహం వెనకాల వస్తుంది. రాత్రి పదకొండుకల్లా లైటు ఆర్పండి. ఆరుకి లేచి, మొహం కడుక్కుని, ఫోన్ ముట్టుకోకుండా ఇరవై నిమిషాలు రాయండి, కాగితం మీద, పెన్నుతో. కొట్టివేతలు ఉండకూడదు. నచ్చని మాట కింద గీత పెట్టి ముందుకెళ్లండి. దిద్దడమంతా శనివారానికి. ఇరవై నిమిషాలు కాగానే, ఇంకా రాయాలనిపిస్తున్నా సరే, వాక్యం మధ్యలో ఆపేయండి. మర్నాడు ఆ సగం వాక్యం మిమ్మల్ని పిలుస్తుంది. ఒకరోజు తప్పితే తప్పింది, మర్నాడు మళ్లీ ఆ ఇరవై నిమిషాలే. తప్పినదానికి కలిపి నలభై చేయొద్దు, అక్కడే చాలామంది చతికిలబడతారు.

హాస్టల్ గదిలో కుదరకపోతే, శనివారం దిద్దే పనికి కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లండి. మీరు రోజూ వెళ్లే రైలు దారిలోనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు కాసేపు నడవండి. వారంలో మొత్తం 150 నిమిషాల చురుకైన నడక నిద్రకూ మంచిది, మనసుకూ మంచిది.

ఉద్యోగం వల్లే రాయలేకపోతున్నానని మానేసే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. ఇదే ఊళ్లో కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ ఆఫీసులో పనిచేస్తూనే తన రచనలు సాగించారు. చేతిలో జీతం ఉన్న మనసుకు భయం తక్కువ.

మాత్రల గురించి మాత్రం కచ్చితంగా చెబుతున్నాను, వద్దు. మీ రూమ్మేట్ చెప్పే రకం మందులు ఏడీహెచ్‌డీ (చిన్నప్పటి నుంచీ ఏకాగ్రత నిలవని సమస్య) ఉన్నవాళ్లకు, సైకియాట్రిస్టు పరీక్షించాకే ఇస్తారు. ఊరికే వాడితే గుండె దడ, బీపీ పెరగడం, ఆకలి చచ్చిపోవడం ఉంటాయి, ఉన్న కాస్త నిద్రా పోతుంది. అలవాటైతే వదిలించుకోవడం కష్టం. చిన్నప్పటి నుంచీ చదువులోనూ ఇంటి పనుల్లోనూ ఏదీ పూర్తిచేయలేని తీరు ఉంటే చెప్పండి, అప్పుడు ఆ పరీక్ష చేయించాలి. మీకు ఇది ఏడాదిగానే కాబట్టి నాకు అలా అనిపించడం లేదు.

ఏడుపు వస్తోందన్నారు, దాన్ని తేలిగ్గా తీసుకోను. ఒక్క రాత మీదే కాకుండా స్నేహితులు, సినిమా, ఇంటి ఫోను, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఈ ఇరవై నిమిషాల చిట్కాలతో కాలయాపన చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అమ్మకు చెబితే కంగారు పడుతుందని దాచుకోకండి.

పరీక్షలు ఈ వారంలోనే చేయించండి. ఆరు వారాలయ్యాక రిపోర్టులోని అంకెలు, రోజూ ఎన్నింటికి పడుకున్నారో రాసుకున్న కాగితం నాకు పంపండి. కథ ఎన్నో పేజీలో ఉందో కూడా రాయండి.