చిన్న సాహిత్య పత్రిక వెనక ఎవరుంటారు?

చిన్న సాహిత్య మాసపత్రికలో ఎంతమంది సిబ్బంది ఉంటారు, అందులో పని చేయాలంటే ఎవరిని కలవాలి అని అడిగారు. జీతం తీసుకునే సిబ్బంది దాదాపు ఎక్కడా ఉండరు. విజయవాడలో ఒక మాసపత్రికకు నేను కొన్నేళ్లు ప్రూఫులు చూశాను, పోస్టింగు పనీ చేశాను. అక్కడ డబ్బు తీసుకునేది డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, చేసే అమ్మాయి, ప్రెస్సు వాళ్లు, అంతే. సంపాదకుడు లెక్చరర్‌గా రిటైరైన మాస్టారు. ఆయన ఇంట్లో ముందు గదే ఆఫీసు.

కథల ఎంపిక గురించి అందరూ మాట్లాడతారు గానీ, పత్రిక నిలబడేదీ పడిపోయేదీ చందాల రిజిస్టరు దగ్గరే. మా దగ్గర అది అమ్మగారు, అంటే మాస్టారి భార్య, చూసేవారు. ఎవరు ఇల్లు మారారు, ఎవరికి పోయిన నెల సంచిక అందలేదు, అన్నీ ఆవిడకే తెలుసు. గడువు దగ్గరపడిన వాళ్ల అడ్రసు చీటీ మీద ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవారు. అది చూసి మనియార్డరు పంపేవాళ్లు చాలామందే ఉండేవారు. జీవిత చందాలు వద్దని ఆవిడ గట్టిగా వాదించేవారు. వచ్చిన డబ్బు ఆ నెల కాగితానికే అయిపోతుంది, సంచిక మాత్రం ఏళ్ల తరబడి పంపాలి కదా. ఆవిడ చెప్పిందే సరైనదని నా నమ్మకం.

పోస్టింగు రోజు మాత్రం అందరికీ టెన్షనే. తపాలా రాయితీ కోసం పోస్టల్ రిజిస్ట్రేషన్ చేయించుకున్న పత్రికకు వంద గ్రాముల లోపు ప్రతికి అర్ధరూపాయితో సరిపోయేది. పుస్తకాలు, అచ్చు కాగితాలు పంపే బుక్‌పోస్టులో అయితే దానికి ఎన్నో రెట్లు అయ్యేది. కానీ ఆ రాయితీ కావాలంటే లైసెన్సులో రాసిన తేదీనే పోస్టు చేయాల్సి వచ్చేది. బైండింగు ఆలస్యమైతే ఆ ఇంటి వాళ్లు, ఎదురింటి పిల్లలు, మేము, అందరం నేల మీద కూర్చుని చీటీలు అంటించి, పిన్‌కోడ్ వారీగా కట్టలు కట్టేవాళ్లం.

పత్రిక మీద పేరు వేసుకోవడం కూడా చిన్న పనేం కాదు. సంపాదకులు, ప్రచురణకర్త, యజమాని ఎవరో ఏటా మార్చి సంచికలో ఫారం-4 కింద ప్రకటించేవారు. కేసు వస్తే ఆ పేర్ల మీదే వస్తుంది. 1966లో వరంగల్లులో 'సాహితీమిత్రులు' అనే బృందం మొదలుపెట్టిన 'సృజన' పత్రికనే చూడండి. దాని సంచికలు కొన్నింటిని ప్రభుత్వం నిషేధించింది. దాన్ని నడిపిన విప్లవ కవి వరవరరావు గారు జైల్లో ఉన్నప్పుడు ఆ పత్రిక ఆయన భార్య హేమలత గారి పేరుతో వచ్చింది, కేసులనూ ఆవిడే ఎదుర్కొన్నారు. సాహిత్య చరిత్ర రాసేటప్పుడు ఇలాంటివాళ్లకు రెండు వాక్యాలైనా కేటాయించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మీరు చేరాలనుకుంటే సంపాదకుడికి ఫోన్ చేసి, ప్రూఫులు చూస్తానని చెప్పండి. మీ కవితల సంగతి ఆ తర్వాత. ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా టైపు చేసే యూనికోడ్‌లో వచ్చిన కథను డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు తారుమారవుతాయి. మూలం పక్కన పెట్టుకుని ఓపిగ్గా దిద్దేవాళ్లు దొరక్క చాలామంది సంపాదకులు రాత్రిళ్లు తామే కూర్చుంటున్నారు. ముందు ఏడాది చందా కట్టండి, ఆ తర్వాత పోస్టింగు ఏ తేదీనో అడిగి ఆ రోజు వెళ్లండి.