కొత్త డ్రైవర్, జారే గ్రిప్పు, వణికే చేతులు: గోల్ఫ్ ప్రశ్నలు–జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి వస్తూ మంచి డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే గోల్ఫ్ కర్ర) తెచ్చిపెట్టాడు. 9 డిగ్రీల హెడ్, షాఫ్ట్ (కాడ) మీద 'ఎక్స్' అని ఉంది. టీవీలో కనిపించే ప్రొఫెషనల్స్ వాడేది అదేనట. దానితో కొడితే నా పాత డ్రైవర్ కంటే ఇరవై గజాలు తక్కువ పోతోంది, పైగా బంతి కుడికి వంగిపోతోంది. నా వయసు 58. లోపం నాదా, కర్రదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇద్దరిదీ కాదు. జోడీ కుదరలేదు, అంతే. అమెరికా ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్‌లో డ్రైవర్ హెడ్ బంతిని తాకే వేగం సగటున గంటకు 113 నుంచి 115 మైళ్లు. ఎక్స్, అంటే అతి గట్టి షాఫ్ట్ ఆ వేగానికి, అంతకు మించిన వేగానికి చేసింది. ఈ వయసులో వారాంతాల్లో ఆడేవారిలో చాలామంది వేగం 80–90 మధ్య ఉంటుంది. అంత వేగానికి గట్టి షాఫ్ట్ వంగి నిటారు కాదు కనుక, క్లబ్ ముఖం కాస్త తెరుచుకునే బంతి దగ్గరికి వస్తుంది. దానికి 9 డిగ్రీల లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలే కోణం) తోడైతే బంతి తగినంత ఎత్తుకు లేవక ముందే కిందపడుతుంది.

మీ వేగం తెలుసుకోవడానికి లాంచ్ మానిటర్ దొరికితే సరే. లేకపోతే గాలి లేని పొద్దున రేంజ్‌కి (సాధన మైదానానికి) వెళ్లి, బంతి దొర్లిన దూరం కాకుండా మొదట నేలను తాకిన దూరం చూడండి. 200 గజాల లోపైతే రెగ్యులర్ ('ఆర్') షాఫ్ట్, 170 లోపైతే సీనియర్ షాఫ్ట్‌తో మొదలుపెట్టండి. స్టిఫ్ ('ఎస్', గట్టి షాఫ్ట్) సంగతి 220 దాటాక ఆలోచించవచ్చు. ఈ అక్షరాలకు అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలమానమేదీ లేదు. ఒకరి 'ఆర్' ఇంకొకరి 'ఎస్' అంత గట్టిగా ఉండొచ్చు. కాబట్టి కొట్టి చూడకుండా కొనకండి.

డబ్బు పెట్టే ముందు మూడు పనులు చేయండి. మొదట వైట్‌బోర్డ్ మార్కర్‌తో డ్రైవర్ ముఖమంతా రంగు పూసి ఐదారు బంతులు కొట్టండి. రంగు ఎక్కడ చెరిగిందో బంతి అక్కడ తగిలినట్టు. షాఫ్ట్ వైపున, అంటే మడమ దగ్గర చెరిగితే కుడి వంపు సగం అక్కడినుంచే వస్తోంది. బంతికి అరంగుళం దూరం జరిగి నిలబడండి. కింది భాగంలో చెరిగితే టీ (బంతిని నిలిపే పుల్ల) ఎత్తు పెంచండి. బంతిలో సగం డ్రైవర్ నెత్తికి పైన కనబడాలి. రెండోది, హెడ్ మెడ దగ్గర తిప్పే స్లీవ్ ఉంటే దాని రెంచితో లాఫ్ట్‌ను ఒకటిన్నర డిగ్రీ పెంచండి. ఇలా పెంచినప్పుడు ముఖం కూడా కొంచెం మూసుకుంటుంది, మీకు కావలసింది అదే. రెంచి 'టక్' మన్నాక ఇంక బిగించకండి, మర పోతుంది. మూడోది, ఒక అంగుళం కిందికి పట్టుకుని ఆడండి.

ఒక అంగుళం కిందికి ఎందుకంటే, దుకాణాల్లో అమ్మే డ్రైవర్లు 45.5 నుంచి 46 అంగుళాల పొడవుంటున్నాయి. ప్రొఫెషనల్స్‌లో ఎక్కువమంది 45 అంగుళాలో, అంతకన్నా తక్కువో వాడతారు. రోజంతా సాధన చేసేవాడికి పొట్టి కర్ర, ఆదివారం ఆడేవాడికి పొడుగు కర్ర! అలాగని షాఫ్ట్ కోయించేయకండి. అరంగుళం కోస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు చేతికి తెలిసే హెడ్ బరువు) మూడు పాయింట్లు పడిపోయి హెడ్ తేలిపోయినట్టు ఉంటుంది. దాన్ని తిరిగి తేవాలంటే హెడ్‌కి సుమారు 6 గ్రాముల సీసపు టేపు అంటించాలి. వీటన్నిటికీ లొంగకపోతే హెడ్ ఉంచుకుని షాఫ్ట్ ఒక్కటీ మార్చండి. అబ్బాయికి చెప్పాల్సిన అవసరం కూడా రాదు.

ప్రశ్న: ఎండాకాలంలో చెమటకు 7 ఐరన్ (మధ్యదూరపు షాట్ల కర్ర) చేతిలో తిరిగిపోతోంది. గ్రిప్పులు నల్లగా మెరుస్తున్నాయి. ఇంట్లో మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిక్షేపంగా మార్చుకోవచ్చు. అయితే ముందు కడిగి చూడండి. ఆ మెరుపు చాలావరకు చెమట, సన్‌స్క్రీన్, ధూళి కలిసి గట్టిపడ్డ పొర. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తని బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. గ్రిప్పును నీళ్లలో ముంచకండి. కొసనున్న చిన్న కంతలోంచి నీరు షాఫ్ట్‌లోకి దిగితే స్టీలు లోపల తుప్పు పడుతుంది. ఆరాక కూడా జారుతుంటే, బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంటే, మార్చాల్సిందే. వారానికి రెండుసార్లు ఆడేవారికి ఏడాదికోసారి మార్చడం మామూలే.

కొనేముందు లావు చూసుకోండి. గ్లవ్ వేసుకుని ఎడమ చేత్తో క్లబ్ పట్టుకుంటే మధ్యవేలు, ఉంగరంవేలు కొసలు అరచేతి ఉబ్బుకు ఆనీ ఆననట్టు ఉండాలి. గుచ్చుకుంటే గ్రిప్పు సన్నం, ఎడం ఉంటే లావు. గ్రిప్పు నోటి (షాఫ్ట్ దూరే తెరిచిన అంచు) దగ్గర 60 అనో 58 అనో అంకె ఉంటుంది. స్టీలు ఐరన్ల షాఫ్ట్ కొస చాలావరకు 0.600 అంగుళాలు, దానికి 60 సరిపోతుంది. 58 ఎక్కిస్తే సాగి కొంచెం లావవుతుంది.

కావలసినవి: కొక్కెం ఆకారపు బ్లేడు, రెండు వైపులా అంటుకునే 2 అంగుళాల టేపు, పెయింట్ల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్, ఒక పళ్లెం, పాత తువ్వాలు. పెట్రోలు మాత్రం వాడొద్దు, నిప్పుతో చెలగాటం. కిరోసిన్ ఆరదు, జిడ్డు మిగులుతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి.

పాత గ్రిప్పును నోటి దగ్గర మొదలుపెట్టి కొసదాకా, బ్లేడు మీ ఒంటికి అవతలి వైపు కదిలేలా చీల్చండి. గ్రాఫైట్ షాఫ్ట్ అయితే తిన్నటి బ్లేడు అసలు వాడకండి. చిన్న గీత పడ్డా షాఫ్ట్ అక్కడే విరగొచ్చు. పాత టేపంతా గీకేసి, టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. ఈ పని బద్ధకించి పాతదాని మీదే కొత్త టేపు వేసేవాళ్లే ఎక్కువ. ఒక్కో పొరకు గ్రిప్పు అంగుళంలో 64వ వంతు లావవుతుంది, ముడతలు చేతికి తెలుస్తూనే ఉంటాయి.

పదిన్నర అంగుళాల టేపు తీసుకుని షాఫ్ట్‌కు నిలువుగా చుట్టండి. కొస దగ్గర అరంగుళం మిగిల్చి మెలిపెట్టి షాఫ్ట్ లోపలికి దోపండి. కొత్త గ్రిప్పు కొసకంతను ఒక టీతో మూసి, లోపల టర్పెంటైన్ పోసి, నోరు వేలితో మూసి కుదిపి, ఆ ద్రవాన్నంతా టేపు మీద పోయండి. కింద పళ్లెం పట్టండి. వెంటనే నోటిని నొక్కి షాఫ్ట్ మీదికి ఎక్కించి, ఆగకుండా ఒకే తోపుతో కొసదాకా తోసేయండి. సగంలో నిలిచిపోయిందంటే ద్రవం తక్కువైందని అర్థం. బలవంతం చేయకుండా వెనక్కి లాగి మళ్లీ తడపండి. ఎక్కాక ఒక నిమిషం వ్యవధి ఉంటుంది, ఆలోగా క్లబ్‌ను నేలమీద పెట్టి గ్రిప్పు మీది గీతలు ముఖానికి సూటిగా ఉన్నాయో లేదో చూసి తిప్పుకోండి. ఆ రాత్రంతా కదపకండి. రెండు గంటల్లో రేంజ్‌కి పరిగెత్తితే గ్రిప్పు మెలితిరిగి మొదటికొస్తుంది.

తోలు గ్లవ్‌లు ఎండలో ఆరేస్తే అట్టలవుతాయి. రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడండి, నీడలో పరచి ఆరబెట్టండి. సన్‌స్క్రీన్ చేతి వెనక్కే, అరచేతికి వద్దు.

ప్రశ్న: ఆఫీసు తరఫున మొదటిసారి కార్పొరేట్ టోర్నమెంట్‌కి వెళ్తున్నాను. షార్ట్స్ వేసుకోవచ్చా? స్పైకుల బూట్లు తప్పనిసరా?
– ఒక ఐటీ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: కాలర్ ఉన్న టీషర్టు టక్ చేసి, ప్యాంటు వేసుకుంటే ఏ క్లబ్‌లోనూ గేటు దగ్గర ఆపరు. జీన్స్, ట్రాక్ ప్యాంటు, రౌండ్ నెక్ వద్దు. మోకాలిదాకా ఉండే కుట్టు షార్ట్స్‌ను కొన్ని క్లబ్బులు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ముందురోజు క్లబ్‌హౌస్‌కి ఫోన్ చేయండి. ప్రొఫెషనల్స్ సంగతి ఇంకా చోద్యం. పీజీఏ టూర్‌లో క్యాడీలకు (ఆటగాళ్ల బ్యాగు మోసే సహాయకులకు) 1999 నుంచే షార్ట్స్ అనుమతి ఉంది, ఆటగాళ్లకు మాత్రం 2019లో వచ్చింది. అది కూడా ప్రాక్టీసు రౌండ్లకు, ప్రో-యామ్‌లకు (ప్రొఫెషనల్స్, ఔత్సాహికులు కలిసి ఆడే ఆటలకు) మాత్రమే. పోటీలో ప్యాంటే.

స్పైకులు తప్పనిసరి కాదు. 2010లో మాస్టర్స్ అనే పెద్ద పోటీలో అమెరికా ఆటగాడు ఫ్రెడ్ కపుల్స్ సాక్సు లేకుండా, స్పైకుల్లేని బూట్లతో ఆడి మొదటి రోజు ఆధిక్యంలో నిలిచాడు. అప్పటినుంచి ఆ బూట్లకు గిరాకీ పెరిగింది. మీరు ఎండాకాలంలో ఆడితే అవే హాయి. వానాకాలంలో తడి ఏటవాలు మీద కాలు జారకుండా ఉండాలంటే ప్లాస్టిక్ స్పైకులే నయం. లోహపు స్పైకులను చాలా కోర్సులు ఎప్పుడో మానిపించాయి, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పాడవుతుంది.

ముతక కాటన్ వద్దు, చెమట పీల్చి భుజాల మీద బరువెక్కుతుంది. టైగర్ వుడ్స్ ఆదివారం ఎరుపు, రికీ ఫౌలర్ తన ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ నారింజ వేసుకుంటే అది వాళ్ల ముద్ర. మీకు ఏ రంగైనా ఒకటే. జేబుల విషయం ముఖ్యం. ఫోను, తాళాలు బ్యాగులో పెట్టండి. జేబులో రెండు టీలు, బాల్ మార్కర్, గ్రీన్ మీద బంతి పడ్డ గుంట సరిచేసే పుల్ల చాలు. ఆ గుంట సరిచేయనివాడు ఎంత ఖరీదైన షర్టు వేసుకున్నా పక్కవాళ్ల దృష్టిలో కొత్తవాడే. చివరి గ్రీన్ మీద టోపీ తీసి కరచాలనం చేయండి.

ప్రశ్న: ప్రొఫెషనల్స్ వాడే ఖరీదైన బంతులు మాలాంటివాళ్లకు దండగేనా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: రౌండుకు నాలుగైదు పోగొట్టుకునేవారైతే దండగే. తేడా పైపొరలో ఉంది. ఖరీదైనవాటికి యురెథేన్ (మెత్తని ప్లాస్టిక్), చవకవాటికి అయొనోమర్ (గట్టి ప్లాస్టిక్). డ్రైవర్‌తో కొట్టినప్పుడు తేడా పెద్దగా తెలియదు. వెడ్జ్‌తో (దగ్గరి షాట్ల కర్రతో) గ్రీన్ మీదికి కొట్టినప్పుడు యురెథేన్ బంతి తిరుగుడు పట్టి ఆగుతుంది, రెండోది దొర్లిపోతుంది. ఏది కొన్నా ఒకే రకం వాడండి. హోలుకో రకం మారిస్తే చిప్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న షాట్) ఎంత దూరం దొర్లుతుందో చేతికి ఎప్పటికీ అలవాటు కాదు.

ప్రశ్న: రేంజ్‌లో బాగానే కొడతాను. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర పదిమంది చూస్తుంటే చేతులు వణుకుతాయి. మీటరున్నర పట్ (గ్రీన్ మీద హోల్‌లోకి దొర్లించే షాట్) కూడా తప్పుతోంది. పెద్ద ఆటగాళ్ల ధీమా ఎలా వస్తుంది?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ముందు వాళ్ల లెక్క చూడండి. పీజీఏ టూర్ సమాచారం నుంచి కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ కట్టిన లెక్క ఇది. 3 అడుగుల పట్‌లు నూటికి 96 పడతాయి. 5 అడుగులైతే 77. 8 అడుగులకు వచ్చేసరికి సగమే. 20 అడుగుల నుంచి 15. అంటే మీ మీటరున్నరను, దాదాపు 5 అడుగులను, వాళ్లు కూడా నాలుగింట ఒకటి వదులుతున్నారు. టీవీ వాళ్లు ముందంజలో ఉన్నవాళ్లనే చూపిస్తారు కాబట్టి అన్నీ పడుతున్నట్టు కనిపిస్తుంది.

ఇక కొలత. హోల్ వ్యాసం 10.8 సెంటీమీటర్లు, నడిమినుంచి అంచుకు 5.4. పట్టర్ ముఖం 1 డిగ్రీ పక్కకు తిరిగితే 3 మీటర్ల దూరంలో బంతి సుమారు 5.2 సెంటీమీటర్లు పక్కకు పోతుంది, అంటే అంచు మీద ఊగిసలాటే. అదే ఒక్క డిగ్రీకి మీటరున్నర దగ్గర 2.6 మాత్రమే, బంతి లోపల పడుతుంది. 2 డిగ్రీలు తిరిగితేనే ప్రమాదం. కాబట్టి మీకు కావలసింది ధైర్యం కంటే ముందు తిన్నని ముఖం. పట్టర్ హెడ్‌కు రెండు వైపులా వేలెడు ఖాళీ ఉండేలా రెండు టీలు గుచ్చి, వాటికి తగలకుండా 20 బంతులు ఆడండి. తర్వాత బంతికి అడుగు ముందు, బంతి పట్టేంత సందుతో ఇంకో రెండు టీలు పెట్టండి. మొదటి జతకు తగిలితే పట్టర్ దారి తప్పింది. రెండో జతకు మాత్రమే తగిలితే ముఖం తిరిగింది. తప్పు ఏదో తెలియకుండా 'కాన్ఫిడెన్స్ లేదు' అనుకుంటూ తిరగడం వల్లే ఏళ్లు గడుస్తాయి.

మొదటి టీ దగ్గర డ్రైవరే తీయాలన్న రూలేమీ లేదు. పదింట ఏడెనిమిది సార్లు ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కోసిన గడ్డి దారి) మీద పడే క్లబ్ ఏదో, అది 5 హైబ్రిడ్ అయినా సరే, దాన్ని తీయండి. ఎక్కడికి కొట్టాలో బంతి వెనక నిలబడి నిర్ణయించుకోండి. బంతికి ఓ అడుగు ముందు ఒక ఎండుటాకో మరకో గుర్తుగా ఎంచుకోండి. ఒక్క ప్రాక్టీస్ స్వింగ్, ఒక దీర్ఘశ్వాస, ముఖం ఆ గుర్తుకు సూటిగా పెట్టి కొట్టేయండి. షాట్‌కు 40 సెకన్లు మించకూడదని రూల్స్ సూచిస్తున్నాయి. 25లో అయిపోవాలి. ఎక్కువసేపు నిలబడితే వేళ్లు గ్రిప్పును నలిపేయడం మొదలుపెడతాయి, మణికట్టు బిగుసుకుంటుంది, బంతి కుడికి పోతుంది. వణుకు పోదు, పోనక్కర్లేదు. ఆ గుండె వేగానికే బంతి అరక్లబ్ (రెండు క్లబ్బుల దూరాల తేడాలో సగం) ఎక్కువ దూరం పోవచ్చు, దాన్ని లెక్కలో వేసుకోండి.

సందేహాన్ని మోసుకుంటూ నడవడం ఇంకో చేటు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టి, 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచిన సాహిత్ తీగల 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో బంకర్‌లో (ఇసుక గుంటలో) ఉండగా, షాట్‌కు ముందు తాకకూడని ఇసుక క్లబ్ వెనక్కి తీసేటప్పుడు కాస్త తగిలిందనిపించింది. ఎవరూ వేలెత్తి చూపకముందే అధికారిని పిలిచి 2 స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ తీసుకున్నాడు. టోర్నమెంట్‌ను మూడో స్థానంలో ముగించాడు. మీకూ 'తగిలిందా, తగల్లేదా' అనిపిస్తే అక్కడికక్కడే తోటి ఆటగాడికి చెప్పి తేల్చుకోండి. మిగతా హోల్స్ ఆడేటప్పుడు ఆ ప్రశ్న పక్కన ఉండదు.

ప్రశ్న: బ్యాగులో 14 కంటే ఎక్కువ క్లబ్బులుంటే నిజంగా పెనాల్టీ వేస్తారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వేస్తారు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే ఆటలో), అదనపు క్లబ్ ఉన్న ప్రతి హోల్‌కు 2 స్ట్రోకులు, మొత్తం 4కు మించదు. 2001లో ఇంగ్లండ్‌లోని రాయల్ లిథమ్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్ చివరి రోజు వేల్స్ ఆటగాడు ఇయాన్ వూస్నమ్ మొదటి హోల్‌లో బర్డీ (నిర్ణీత దెబ్బల కంటే ఒకటి తక్కువ) చేసి రెండో టీకి వచ్చాక, బ్యాగులో రెండు డ్రైవర్లున్నాయని క్యాడీ చెప్పాడు. 2 స్ట్రోకులు పోయాయి, మూడో స్థానం మరికొందరితో పంచుకోవాల్సి వచ్చింది. కొత్త క్లబ్ పరీక్షించడానికి తెచ్చిన రోజే ఇలా జరుగుతుంది కనుక, రేంజ్ నుంచి మొదటి టీకి నడిచేముందు లెక్కపెట్టి అదనపుదాన్ని కారులో పడేయండి. మధ్యలో బయటపడితే తర్వాతి షాట్ కొట్టకముందే ఏ క్లబ్‌ను పక్కన పెడుతున్నారో తోటి ఆటగాడికి చెప్పి, దాన్ని బ్యాగులో తలకిందులుగా పెట్టండి. ఆ రౌండ్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు.