చరిత్ర పేరు చెప్పి గీత జరపొద్దు

ప్రశ్న: మ్యాప్ మీద ఏడుగురం ఆడుకునే చరిత్ర ఆటకి నేను మోడరేటర్‌ని. 1756లో, యూరప్ రాజ్యాల మధ్య జరిగిన ఏడేళ్ల యుద్ధంతో మొదలుపెట్టాం. వారానికో టర్న్, ఒక్కో టర్న్ మూడు నెలలతో సమానం. ఇప్పుడు 1762 జనవరికి వచ్చాం. రష్యా ఆడే అతను ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) వాళ్ల కోల్‌బెర్గ్ కోట పట్టుకుని, రాజధాని బెర్లిన్ మీదికి కదులుతున్నాడు. ప్రష్యా ఆడే అతనేమో "జనవరి 5న రష్యా రాణి ఎలిజబెత్ చనిపోయింది. తర్వాత వచ్చిన మూడో పీటర్ యుద్ధం ఆపేశాడు. నువ్వూ అలాగే ఆపించు" అంటున్నాడు. "ఐదు నెలల నా కష్టం ఒక్క చావుతో పోవాలా?" అని రష్యా అతను కోపంగా ఉన్నాడు. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఏం చెయ్యమంటారు?

జవాబు: రాణిని మీరు మీ చేత్తో చంపకండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

ప్రష్యా అతను చెప్పిన ప్రతి ముక్కా నిజమే. కానీ ఆ తేదీ 1756లో ఎవరికీ తెలియదు. మీ బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు. తేదీ ముందే తెలిసిన చావు నమ్ముకుని అతను కోటలు వదిలేసుకుంటూ వచ్చి ఉంటే, అందులో వాస్తవికత ఎక్కడుంది? అప్పటివాళ్లకి తెలిసింది ఒక్కటే: రాణి ఆరోగ్యం బాగాలేదు, వారసుడికి ప్రష్యా రాజు ఫ్రెడరిక్ అంటే వల్లమాలిన అభిమానం. ఆ భయం రష్యా సేనాపతుల్ని ఎంత పీడించిందో చూడండి. 1757 ఆగస్టులో గ్రాస్ యేగర్స్‌డార్ఫ్ దగ్గర గెలిచి కూడా రష్యా సేనాపతి అప్రాక్సిన్ తన సైన్యాన్ని వెనక్కి మళ్లించాడు. తిండీ మేతా లేకపోవడమే అసలు కారణం. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే రాణి జబ్బుపడింది. దాంతో, వారసుడి మెప్పు కోసమే వెనక్కి తిరిగాడన్న అనుమానం వచ్చి పదవి పోయింది, అరెస్టు కూడా అయ్యాడు. మీ ఆటలోకి తేవాల్సింది ఆ టెన్షన్‌ని.

ఎలాగంటే, రాబోయే టర్న్ నుంచి ప్రతి టర్న్ చివరా అందరి ముందూ ఒక పాచిక వేయండి. 1 పడితే రాణి పోయినట్టు. పడకపోతే బతికే ఉంది. ఈ మాట రాసి ఏడుగురికీ పంపాకే మొదటి పాచిక పడాలి. రాణి పోయినా రష్యా అతని చేతిలోంచి దేశాన్ని లాక్కోవద్దు. ఒక టర్న్ పాటు అతని సైన్యం కదలదు. ఆ తర్వాత రెండు దారులు ఇవ్వండి. సంధి చేసుకుంటే 1758 నుంచి తన చేతిలో ఉన్న తూర్పు ప్రష్యాలో ఎంత ఉంచుకోవాలో బేరమాడుకోవచ్చు. యుద్ధమే కావాలంటే కొత్త జార్ మాట కాదన్నందుకు రెండు టర్న్‌లు రాబడిలో మూడోవంతు పోతుంది. అసలు పీటర్ మే నెలలో సంధి చేసుకుని గెలిచిందంతా తిరిగి ఇచ్చేశాడు, జూలైకల్లా సింహాసనం పోగొట్టుకున్నాడు. తర్వాత వచ్చిన అతని భార్య కేథరీన్, ఫ్రెడరిక్‌కి తోడుగా పీటర్ పంపిన రష్యా సైన్యాన్ని వెనక్కి పిలిచింది, యుద్ధం మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. అంటే సంధి దారి నిజంగా జరిగిందే. యుద్ధం దారి జరగలేదు గానీ, సంధి చేసిన జార్ అంత త్వరగా పడిపోయాడు కాబట్టి అసాధ్యమూ కాదు.

ఇంకో మాట అడుగుతాను. రష్యా అతను అంత సులువుగా బెర్లిన్ దాకా ఎలా రాగలిగాడు? 1759 ఆగస్టు 12న కూనర్స్‌డార్ఫ్ దగ్గర రష్యా, ఆస్ట్రియా సైన్యాల మీదికి ఫ్రెడరిక్ దాదాపు 50 వేల మందితో దిగి, 19 వేల మందిని పోగొట్టుకుని ఓడిపోయాడు. అక్కణ్నుంచి బెర్లిన్ వంద కిలోమీటర్లు కూడా లేదు. అయినా ఆ రెండు సైన్యాలూ కలిసి బెర్లిన్ మీదికి కదల్లేదు. రష్యా గిడ్డంగులు ఎక్కడో తూర్పున ఉన్నాయి. భారమంతా తమ మీదే పడుతోందని రష్యావాళ్లకి కోపం, మిత్రుల మధ్య నమ్మకం లేదు. ప్రష్యాని ముందు కాపాడింది ఇదీ, చావు తర్వాత వచ్చింది. గిడ్డంగికి నాలుగు రోజుల నడక దాటిన సైన్యం టర్న్‌కి పదో వంతు కరిగిపోతుందన్న రూల్ మొదటి రోజునుంచే ఉండుంటే, మీకు ఈ తగువే వచ్చేది కాదు. ఇప్పుడైనా పెట్టొచ్చు, కాకపోతే వచ్చే టర్న్ నుంచి, ఏడుగురికీ.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఒకసారి నేనే ఈ తప్పు చేశాను. 1812లో నెపోలియన్ రష్యా మీద చేసిన దండయాత్ర ఆడిస్తున్నాను. ఫ్రాన్స్ ఆడే కుర్రాడు జూలై ఎండల్లో అశ్వదళాన్ని పరుగెత్తిస్తున్నాడు. గుర్రానికి రోజుకి సుమారు పది కిలోల మేత కావాలి, ఆ దారిలో అంత దొరకదు. నెపోలియన్ గుర్రాలు మంచు పడకముందే వేలకొద్దీ చచ్చాయి. అందుకని టర్న్ మధ్యలో అతని అశ్వదళాన్ని సగానికి తగ్గించాను. అతను రూల్‌షీట్ ఫొటో తీసి పంపి, కింద ఒక్క లైను రాశాడు: "ఇందులో ఎక్కడుందో గుర్తు పెట్టండి." నాలుగు పేజీలూ తిప్పాను. లేదు. గుర్రాల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకున్నాను గానీ, అతనికి ముందే చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఆ వారమే అతను మానేశాడు, మూడు వారాల్లో ఆట ఆగిపోయింది. ఆ ఫొటో ఇప్పటికీ దాచుకున్నాను.

చివరగా, ప్రష్యా అతని కష్టం కూడా చూడండి. చుట్టూ ఆస్ట్రియా, ఫ్రాన్స్, రష్యా ఉంటే అతను అందరితో సమానంగా నేల గెలవాలనడం అన్యాయం. 1763 ఫిబ్రవరిలో హూబర్టస్‌బర్గ్ సంధి నాటికి ఫ్రెడరిక్ కొత్తగా ఒక్క ఊరు కూడా సంపాదించలేదు, అంతకుముందు ఆస్ట్రియా దగ్గర లాక్కున్న సైలీషియా ప్రాంతాన్ని నిలబెట్టుకున్నాడంతే. దాన్నే లోకం గెలుపంది. మీ ఆటలోనూ సైలీషియా మిగిలితే ప్రష్యా గెలిచినట్టే అని రాసి పెట్టండి. అప్పుడతను రాణి చావు కోసం ఎదురుచూడడు.

ప్రశ్న: మా ఆటలో ఒకతను చాలా చదివాడు. ఏ యుద్ధం జరిగినా పేజీలకి పేజీలు రాసి తనే గెలవాలని ఒప్పిస్తాడు. ఇంటర్ చదివే అమ్మాయి ఒకామె మంచి ఎత్తు వేసి కూడా ప్రతిసారీ ఓడిపోతోంది. అంపైర్‌గా నాకు బాధగా ఉంది.

జవాబు: బాధపడాల్సిందే, ఎందుకంటే మీ ఆటలో వాదనే సైన్యమైపోయింది. ఇది పాత చిక్కే. రైస్‌విట్జ్ అనే అధికారి తయారుచేసిన యుద్ధక్రీడ 1824లో ప్రష్యా సైన్యంలోకి వచ్చింది, అందులో పాచికలూ పట్టికలూ ఉండేవి. అవి మరీ నెమ్మదిగా ఉన్నాయని 1876లో వెర్డీ దు వెర్నోవా అనే ప్రష్యా సైనికాధికారి వాటిని పక్కనపెట్టి, నిర్ణయం అంపైర్‌కే వదిలాడు. కానీ అక్కడ అంపైర్ అనుభవమున్న అధికారి, ఆయనతో వాదనకి దిగేవాళ్లు తక్కువ.

మీరిలా చేయండి. దాడి చేసేవాళ్లు మూడు కారణాలు చెప్పాలి, ఒక్కోటి ఒక్క వాక్యంలో. ఎదుటివాళ్లు మూడు అభ్యంతరాలు, అంతే కొలతలో. నాలుగో వాక్యం చదవొద్దు. రెండూ చూసి, ఎంత పడితే ఎవరు గెలిచినట్టో కాగితం మీద రాసి అందరికీ చూపించి, ఆ తర్వాతే పాచిక వేయండి. ఆ అమ్మాయి "కొండ దిగువన బురద, ఫిరంగులు కదలవు" అన్న ఒక్క మాటకి ఎంత బరువుందో అప్పుడు తెలుస్తుంది.

పాచిక పడ్డాక మాత్రం మార్చకండి. 1942లో, పసిఫిక్‌లో అమెరికా స్థావరమైన మిడ్‌వే దీవి మీద దాడికి ముందు, జపాన్ నౌకాదళం ఆ యుద్ధాన్ని బల్లమీద ఆడి చూసుకుంది. అకాగి, కాగా అనే రెండు విమానవాహక నౌకలు మునిగాయని అంపైర్ చెప్తే, అడ్మిరల్ ఉగాకి బాంబుల లెక్క తగ్గించి ఒక్కటే మునిగిందన్నాడు. తర్వాత దాన్నీ ఆటలోకి తిరిగి తెచ్చారు. జూన్‌లో ఆ రెండూ, ఇంకో రెండూ నిజంగానే మునిగిపోయాయి.

ప్రశ్న: ఒక ప్లేయర్ తగ్గాడు. నేనే మోడరేటర్‌గా ఉంటూ చిన్న దేశం ఒకటి ఆడొచ్చా?

జవాబు: వద్దు. అందరి రహస్య ఆర్డర్లూ చదివేది మీరే. మీరు నిజాయితీగా ఆడినా, గెలిచిన రోజున తొండి అనే అంటారు. ఆ దేశానికి మూడు లైన్ల ఆదేశం రాసి కవర్లో పెట్టి, ఆడేవాళ్లలో ఒకరి దగ్గర ఉంచండి: సరిహద్దు దాటదు, దాడి జరిగితే రాజధాని కాపాడుకుంటుంది, ఎవరితోనూ పొత్తు పెట్టుకోదు. దాని మీద ఎవరైనా దండెత్తిన రోజున కవరు విప్పి అందరి ముందూ చదవండి.