డెల్టాలో మోటార్‌హోమ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

క్యారవాన్, అంటే పడక, వంట వసతులు లోపలే ఉండే మోటార్‌హోమ్ అనగానే షూటింగు దగ్గర సినిమా తారల కోసం నిలిపే బండి గుర్తుకు వచ్చే మనవాళ్లు ఇప్పుడు సొంతానికి అలాంటి బండి కొనుక్కోవాలనీ, పాత వ్యానును అలా మార్పించుకోవాలనీ ఆలోచిస్తున్నట్టు ఈ నెల ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. ఒకే విషయం మీద వచ్చిన వాటిని కలిపి, ముఖ్యంగా గోదావరి డెల్టాలో తిరిగేవారికి పనికివచ్చే విధంగా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. పదమూడు సీట్ల పాత డీజిల్ వ్యాను ఒకటి బేరానికి వచ్చింది. సీట్లు తీయించి, మా ఊరి బాడీ బిల్డింగ్ షెడ్డులో మంచాలు, వంటగది, మరుగుదొడ్డి కట్టించుకోవచ్చునా? కారు లైసెన్సుతో నడపవచ్చునా? (తణుకు)

లారీలకు తొట్లు, బస్సులకు బాడీలు కట్టిన మన షెడ్డు మేస్త్రుల పనితనం మీద నాకు ఎటువంటి అనుమానమూ లేదు. చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో పొసగకుండా పోయేటట్లు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. మోటార్ క్యారవాన్ల నిర్మాణానికి ఏఐఎస్‌-124 అనే ప్రమాణం ఉన్నది కనుక, దానికి అనుగుణంగా ఆమోదం పొందిన సంస్థ చేత కట్టించుకొని, ఆర్సీలో బండి తరగతిని ఆ మేరకు నమోదు చేయించుకోవడమే సరైన దారి. మీరు చూసిన వ్యానుకు పసుపు నంబరు ప్లేటు ఉంటే సొంత వాడకానికి మార్పించుకోవలసిన పని కూడా ఉంటుంది కాబట్టి, బయానా ఇవ్వకముందే ఆర్సీ జిరాక్సు తీసుకొని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి. మార్పు సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, లోపల బిగించిన సామాను విలువను పాలసీలో చేర్పించండి. ఈ పని చేయకపోతే, ప్రమాదం జరిగిన రోజున క్లెయిము తోసిపుచ్చడానికి కంపెనీ చేతికి మీరే కారణం ఇచ్చినవారవుతారు.

లైసెన్సు విషయంలో మీకు ఇబ్బంది ఉండదు. స్థూల బరువు (బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు) 7,500 కిలోలు మించని బండి తేలికపాటి మోటారు వాహనమే (ఎల్ఎంవీ) కాబట్టి, మీ ఎల్ఎంవీ లైసెన్సు చాలుతుంది.

మీరు అడగకపోయినా చెప్పవలసిన సంగతి బరువు. మంచాలు, అలమరాలు గట్టిగా ఉండాలని పంతొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయించుకొని, దాని మీద గ్రానైట్ పలక కూడా పెట్టించిన బండిని నేను చూశాను. ఇల్లు బాగానే కుదిరింది గాని, ఖాళీగా ఉన్నప్పుడే వెనుక స్ప్రింగు పట్టీలు కూర్చుండిపోయాయి. ఉదాహరణకు మీ బండి స్థూల బరువు 3,500 కిలోలని, పని పూర్తయ్యాక డీజిలు నిండుగా పోసి తూస్తే 2,850 వచ్చిందని అనుకుందాం. చేతిలో మిగిలినవి 650 కిలోలు. నలుగురు మనుషులకు 280, వంద లీటర్ల నీటికి 100, సిలిండరు, పాత్రలు, పరుపులు, బట్టలు, పనిముట్లు కలిపి మరో 200 పోతే మిగిలేవి 70. తిరుగు ప్రయాణంలో బంధువులు ప్రేమగా ఎక్కించే బియ్యం బస్తా, కొబ్బరికాయల గోనె, పనసకాయ ఆ 70ని సునాయాసంగా మింగేస్తాయి. మన ప్రాంతంలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, రైసు మిల్లులున్న ప్రతి చోటా వేబ్రిడ్జి కాటా ఉంటుంది. సామాను, నీరు, మనుషులు అందరూ ఉన్న స్థితిలో బండి మొత్తాన్ని ఒకసారి, ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి మరొకసారి తూయించండి. రెండింటి తేడాయే వెనుక ఇరుసు మీద పడుతున్న భారం. ఆ చీటీలను ఆర్సీతో పాటు దాచుకొని, ఇరుసుల పరిమితితోనూ, టైరు పక్కన ముద్రించిన భారపు సూచికతోనూ సరిచూసుకోండి. టైరు మీద నాలుగంకెల తయారీ గుర్తు కూడా ఉంటుంది: 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. మోటార్‌హోమ్ టైర్లు అరిగిపోవడం కంటే ముందు ముసలివైపోతాయి. గాడులు నిండుగా కనిపించినా ఆరేళ్లు దాటిన టైర్లతో నేనైతే దూరప్రయాణం చేయను.

ప్రశ్న: మా వారు బండి మీద సోలార్ పలకలు పెట్టిస్తే రాత్రంతా ఏసీ ఉచితంగా నడుస్తుందంటున్నారు. ఇది నిజమేనా? (అమలాపురం)

అమ్మా, మీ వారి ఆశ న్యాయమైనదే, కోనసీమ మే నెల ఉక్కపోతలో ఇనుప పెట్టెలాంటి బండిలో పడుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయితే లెక్క వేసి చూద్దాం. 12.8 వోల్టులు, 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో 2,560 వాట్-అవర్ల విద్యుత్తు నిలువ ఉంటుంది. పూర్తిగా ఖాళీ చేయకుండా, ఇన్వర్టర్‌లో పోయే నష్టాన్ని తీసివేస్తే చేతికి సుమారు 2,000 దక్కుతాయి. చిన్న ఇన్వర్టర్ ఏసీ సగటున 600 వాట్లు లాగినా, ఎనిమిది గంటలకు 4,800 కావాలి. అంటే అలాంటి బ్యాటరీలు మూడు ఉండాలి. వాటిని మళ్లీ నింపడం అంతకంటే కష్టం. పైకప్పు మీద చదునుగా పడుకోబెట్టిన 400 వాట్ల పలకలు బాగా ఎండ కాసిన రోజున ఒకటిన్నర యూనిట్ల (1,500 వాట్-అవర్ల) దాకా ఇస్తాయి. అంటే ఒక్క రాత్రి ఏసీకి మూడు రోజుల ఎండ చెల్లించాలి. బండి నడుస్తుండగా ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జరు ద్వారా గంటకు సుమారు 400 వాట్-అవర్లు చేరతాయి గాని, డెల్టాలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి వెళ్లడానికి గంట కంటే పట్టదు.

అందుచేత ఏసీని బయటి కరెంటు దొరికిన రాత్రులకే కేటాయించుకోవడం మంచిది. బంధువుల ఇంట్లోనో, లాడ్జీ ఆవరణలోనో 15 ఆంపియర్ల ప్లగ్గు దొరికితే చాలు. అక్కడికి వేసే తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి కేబులై ఉండాలి. దానిని చుట్ట చుట్టి ఉంచకుండా మొత్తం విప్పి పరచాలి. చుట్టలోనే ఉంచి ఏసీ వేయడం వల్ల కేబులు తొడుగు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయిన సంగతి నా సొంత అనుభవమే. తెల్లవారుజామున వచ్చిన కమురు వాసన ఇప్పటికీ మరచిపోలేదు. బండిలోకి కరెంటు వచ్చే చోట 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరిగా బిగించండి, ఎందుకంటే పాత ఇళ్లలో ఎర్తు ఉన్నట్టు కనిపించినా అది నేల దాకా చేరి ఉంటుందన్న నమ్మకం లేదు. బండి మొత్తం ఇనుము, కింద తడి నేల, వట్టి కాళ్లతో దిగే మనుషులు: ఈ మూడూ కలిసినప్పుడు ఆ చిన్న పెట్టె విలువ తెలుస్తుంది.

కరెంటు దొరకని రాత్రులకు 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, కిటికీలకు దోమతెరలు, పైకప్పులో గాలిని బయటికి లాగే ఫ్యాను ఒకటి అమర్చుకుంటే, రాత్రంతా కలిపి 500 వాట్-అవర్లు కూడా ఖర్చు కావు.

ప్రశ్న: దిండి, అంతర్వేది, యానాం వైపు వారం రోజులు తిరగాలనుకుంటున్నాం. బండి రాత్రుళ్లు ఎక్కడ నిలపాలి? నరసాపురం రేవులో పంటు (నది దాటించే బల్లకట్టు) ఎక్కించవచ్చునా? (భీమవరం)

ముందుగా ఒక హెచ్చరిక: ఎంత నీడగా ఉన్నా కొబ్బరిచెట్టు కింద నిలపకండి. ఎండుమట్ట పడితే సోలార్ పలక పగులుతుంది, కాయ పడితే పైకప్పుకు సొట్ట పడి, ఆ సొట్టలో వాన నీరు నిలిచి, నెల తిరిగేసరికి లోపలికి దిగుతుంది. కోనసీమలో ఈ నియమం పాటించడం కష్టమేనని తెలుసు. అయినా దింపు తీసిన (కాయలు కోసిన) తోటా, తీయని తోటా అన్న భేదం రైతును అడిగితే చెబుతాడు.

రెండవది నేల. కాలువ గట్టు రోడ్ల అంచులు పైకి గట్టిగా కనిపించినా లోపల ఒండ్రు మెత్తగా ఉంటుంది. ఎదురుగా వచ్చిన గడ్డి ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి, ఎడమ చక్రాలను గట్టు అంచుకు దింపిన నేను, బండి మెల్లగా కాలువ వైపు వాలుతుండగా కుటుంబాన్ని కుడివైపు తలుపులోంచి దింపవలసి వచ్చింది. ఆ ట్రాక్టరే మళ్లీ లాగి బయట పడేసింది. అప్పటి నుంచి రెండు మందమైన చెక్కపలకలు, లాగే పట్టీ, పార లేకుండా బయలుదేరడం లేదు. దారి ఇవ్వవలసి వస్తే ఆగిపోయి ఎదుటివారినే అంచుకు వెళ్లనివ్వండి; వారికి ఆ గట్టు తెలుసు. అంతర్వేదిలో ఇసుకలోకి దిగవద్దు. గుడి పరిసరాల్లో గట్టి నేల మీదనే నిలిపి సముద్రానికి నడిచి వెళ్లండి.

నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు ప్రయాణం ఎంతో బాగుంటుంది గాని, వెనుక చక్రాల తరువాత శరీరం పొడుగ్గా ఉన్న మోటార్‌హోమ్‌ను ఆ వాలు మీద ఎక్కించబోతే తోక నేలకు రాసుకుంటుంది. బండి ఒడ్డున ఉంచి మనుషులు పంటు మీద వెళ్లి రండి. బండితో దాటాలంటే చించినాడ వంతెన మీదుగా వెళ్లడమే మేలు. యానానికి ఎదుర్లంక వంతెన ఉండనే ఉంది. బండి ఎత్తును ఏసీ, సోలార్ పలకలతో కలిపి టేపుతో కొలిచి, ఆ అంకెను స్టీరింగు ఎదుట అంటించుకోండి. ఊళ్లలో వీధికి అడ్డంగా వేలాడే సర్వీసు తీగలు, తిరునాళ్ల పందిళ్లు, స్వాగత ద్వారాలు మిమ్మల్ని తరచుగా ఆ అంకె వైపు చూసేటట్లు చేస్తాయి.

జూలై నుంచి సెప్టెంబరు వరకు బయలుదేరే ముందు ధవళేశ్వరం నీటిమట్టం కనుక్కోవాలి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు, అంటే 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకలకు వెళ్లే ఆలోచన మానుకోండి. కనకాయలంక కాజ్‌వే వంటివి అప్పటికే మునుగుతుంటాయి. అక్టోబరు, నవంబరు నెలల తుపాన్ల గురించి 1996 నవంబరును చూసిన కోనసీమవారికి నేను కొత్తగా చెప్పవలసినది లేదు.

ప్రశ్న: ఇంట్లో వాడే గ్యాసు సిలిండరునే బండిలో పెట్టుకోవచ్చునా? (రావులపాలెం)

వద్దు. 14.2 కిలోల సిలిండరు ఇంటి వాడకానికి ఇచ్చినది. పెట్రోలు బంకుల్లో దొరికే 5 కిలోల చిన్న సిలిండరు చాలు. దానిని బయటి నుంచి మాత్రమే తెరుచుకునే అరలో, నిలువుగా, పట్టీతో కట్టి ఉంచాలి. గ్యాసు గాలి కంటే బరువైనది కనుక కారితే అడుగునే పేరుకుంటుంది. అందుకే ఆ అర నేలలో రంధ్రం ఉండాలి. బండి నడిచేటప్పుడు రెగ్యులేటరు కట్టేయండి.

ప్రశ్న: ట్యాంకు నీళ్లు వాసన వస్తున్నాయి, గీజరులో తెల్లగా పొక్కు కడుతోంది. మరుగుదొడ్డి క్యాసెట్టును (మలం చేరే, బయటికి తీయగల ట్యాంకును) ఎక్కడ ఖాళీ చేయాలి? (రాజోలు)

తెల్లని పొక్కు మీ తీరప్రాంతపు బోరు నీటిలోని ఉప్పులది, దాన్ని ట్యాంకులో పోయకుండా ఉండటమే మందు. తాగడానికి, వంటకు ప్లాంటు నీళ్ల టిన్నును విడిగా పెట్టుకొని, ట్యాంకు నీటిని స్నానానికి, కడుగుడుకు మాత్రమే వాడండి. వాసనకు విరుగుడుగా, వంద లీటర్ల ట్యాంకుకు 15 నుంచి 20 గ్రాముల బ్లీచింగ్ పౌడరును బకెట్టులో కలిపి, తేటను మాత్రమే పోసి, ప్రతి కొళాయిలోనూ ఆ నీరు వచ్చేదాకా తిప్పి, రాత్రంతా ఉంచి ఉదయం మొత్తం వదిలేసి, రెండుసార్లు మంచినీటితో కడగండి.

రెండవ ప్రశ్నకు కాస్త కటువుగానే చెబుతాను. క్యాసెట్టును కాలువలో గుమ్మరించినవారి గురించి నాకు ఇద్దరు ముగ్గురు రాశారు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మన ఊళ్ల మంచినీటి చెరువులను నింపేది ఆ కాలువ నీటితోనే. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంటి మరుగుదొడ్డిలో, యజమానిని అడిగి, నిదానంగా పోసి నీరు వదలండి. పెట్రోలు బంకుల వారు కూడా మర్యాదగా అడిగితే తరచుగా ఒప్పుకుంటారు. ఇరవై లీటర్ల క్యాసెట్టు నలుగురికి రెండు రోజులకు మించి రాదు కనుక, మజిలీలను ఆ లెక్కనే వేసుకోవాలి.

ప్రశ్న: 2027 పుష్కరాలకు బండిని అద్దెకు ఇవ్వవచ్చునా? (ద్రాక్షారామం)

సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల ప్లేటు బండిని అద్దెకు ఇవ్వకూడదు. అలా ఇస్తే జరిమానా ఒక ఎత్తు, ప్రమాదం జరిగితే బీమా లేకపోవడం మరొక ఎత్తు. అద్దె ఆలోచన ఉంటే మొదటి నుంచే పర్మిట్టుతో వాణిజ్య వాహనంగా నమోదు చేయించుకోండి.

ప్రశ్న: వర్షాకాలం నాలుగు నెలలు బండి షెడ్డులోనే ఉంటుంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (పాలకొల్లు)

మొదట సముద్రపు ఉప్పుగాలి తగిలిన అడుగుభాగాన్ని మంచినీటితో కడిగించి, ఆరిన తరువాత తుప్పు పట్టని పూత వేయించండి. డీజిలు ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమ పేరుకోదు. లిథియం బ్యాటరీని సగం పైచిలుకు ఛార్జింగుతో వదిలి, మెయిన్ స్విచ్చు తీసేయండి. పరుపులను నిలబెట్టి, అలమరాల తలుపులు తెరిచి ఉంచితే బూజు తగ్గుతుంది. వరి కోతలైన తరువాత పొలం ఎలుకలు షెడ్లలోకి చేరి వైర్లు కొరుకుతాయి కాబట్టి, బండి అడుగున వైర్లు, గొట్టాలు దూరే ప్రతి రంధ్రాన్నీ ఇనుప జాలీతో మూయించండి. పదిహేను రోజులకొకసారి ఇరవై కిలోమీటర్లు తిప్పండి. ఇంజను ఊరికే స్టార్టు చేసి ఆపడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. మీ షెడ్డు కాలువ పక్కనో, పల్లంలోనో ఉంటే తాళంచెవి ఒకటి ఊళ్లో నమ్మకమైన డ్రైవరు దగ్గర ఉంచండి. మీరు ఊళ్లో లేని రోజున నీరు వస్తే, బండిని మెరకకు చేర్చేవారు ఒకరు ఉండాలి.