డోమ్ కింద ఆకాశ పాఠం

ప్రశ్న: మా పాఠశాలకు గాలితో నింపే సంచార ప్లానెటేరియం రాబోతోంది. అర్ధగోళాకారపు తెరపై చూపించే దృశ్యాల వల్ల పిల్లలకు ఖగోళ శాస్త్రం నిజంగా బోధపడుతుందా, లేక కాసేపు అబ్బురపడి మరచిపోతారా?
– ఒక సైన్సు ఉపాధ్యాయిని

జవాబు: బోధపడుతుంది, అయితే అన్ని పాఠాలూ కాదు. గ్రహాల వ్యాసాలు, ఉపగ్రహాల సంఖ్య వంటివి చెప్పడానికి నల్లబల్ల చాలు. దిక్కులతో, కోణాలతో ముడిపడిన విషయాలకు మాత్రం డోమ్‌ను మించిన తెర లేదని నా అభిప్రాయం.

చంద్రకళలనే తీసుకోండి. పాఠ్యపుస్తకంలోని బొమ్మ భూమినీ చంద్రుణ్నీ అంతరిక్షం నుంచి చూపిస్తుంది. విద్యార్థి చంద్రుణ్ని చూసేది నేల మీద నిలబడి. ఈ రెండు చూపులకూ పొంతన కుదరకపోవడం వల్లనే, భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడని చాలామంది పొరబడుతుంటారు. డోమ్‌లో సూర్యుణ్ని పడమటి అంచున అస్తమింపజేసి, శుక్లపక్షపు అర్ధచంద్రుణ్ని చూపించండి. ఒక చేతిని సూర్యుడి వైపు, రెండో చేతిని చంద్రుడి వైపు చాపితే వాటి మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలని, వెలిగిన సగం సూర్యుడి వైపే తిరిగి ఉందని పిల్లలే కనిపెడతారు. ఆపై రోజులను ఒక్కొక్కటిగా జరిపితే, చంద్రుడు నక్షత్రాల మధ్య రోజుకు సుమారు 13 డిగ్రీల చొప్పున తూర్పుకు కదులుతూ, సూర్యుడికి దూరమయ్యేకొద్దీ నిండుతూ, పౌర్ణమి నాటికి సూర్యాస్తమయ వేళ తూర్పున ఉదయించడం కళ్లారా చూస్తారు. కోణాలు సరిగ్గా కనిపించేది డోమ్ నడుమ ఉన్నవారికే కనుక, పిల్లలను వంతులవారీగా అక్కడికి పిలవడం మంచిది.

1923లో జర్మనీలోని మ్యూనిక్‌లో జైస్ అనే కటకాల తయారీ సంస్థ ప్రదర్శించిన తొలి ఆధునిక ప్లానెటేరియం ప్రొజెక్టర్ భూమి నుంచి కనిపించే ఆకాశాన్ని మాత్రమే చూపగలిగేది. 1980లలో వచ్చిన డిజిటల్ ప్రొజెక్టర్లు ప్రేక్షకుణ్ని భూమిని దాటించి తీసుకుపోగలిగాయి. నేల మీది చూపు నుంచి అంతరిక్షపు చూపుకు, మళ్లీ వెనక్కు తీసుకురాగలగడమే బోధనలో దీని అసలు బలం.

అందువల్ల నిర్వాహకులను ముందుగానే అడగండి: సిద్ధంగా ఉన్న చిత్రాన్ని వేసి వదిలేస్తారా, లేక స్టెల్లేరియం వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీరు కోరిన తేదీకి, కోరిన అక్షాంశానికి ఆకాశాన్ని మార్చి చూపగలరా? రెండోదే ఎంచుకోండి. ధ్రువనక్షత్రం భూమధ్యరేఖ వద్ద ఎక్కడుంటుందో పిల్లల చేత ముందు ఊహింపజేసి, ఆ తర్వాతే చూపించండి. ప్రకాశవంతమైన చిత్రాల వెలుగు ఎదుటి వైపు తెరపై పడి మసక నక్షత్రాలను మింగేస్తుంది కాబట్టి ఆ రెండింటినీ ఒకేసారి వేయవద్దనండి. దృశ్యాన్ని వేగంగా తిప్పితే కొందరికి కళ్లు తిరుగుతాయి. అలాంటివారిని కాసేపు కళ్లు మూసుకోమని ముందే చెప్పి ఉంచండి.