ఈ మధ్య వచ్చిన థ్రిల్లర్, మిస్టరీ, హారర్ నవలల్లో ఏవి బాగున్నాయి? ట్విస్ట్ అస్సలు ఊహించలేనివి చెప్పండి

ట్విస్ట్ ఊహించలేనివి కావాలి అన్నారు చూడండి, నాకు ముందు అక్కడే పేచీ. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని ఒకసారి తెనాలి తీసుకెళ్ళాలి.

మా వీధి చివర పుస్తకాలు అద్దెకిచ్చే షాపు ఒకటి ఉండేది, రోజుకి అర్ధరూపాయి. 1992 వేసవి సెలవల్లో మా తమ్ముడు అక్కణ్ణించి ఒక డిటెక్టివ్ పాకెట్ బుక్ తెచ్చాడు. అట్ట లేదు, కాబట్టి పేరూ తెలీదు, రాసిందెవరో కూడా తెలీదు, ఎన్ని చేతులు మారిందో ఏమో అంచులన్నీ నూనె మరకలు. రైస్ మిల్లు ఓనరు లోపల గడియ పెట్టుకున్న గదిలో చచ్చిపడుంటాడు, అనుమానం గుమాస్తా మీద, కాంపౌండర్ మీద, చచ్చినాయన వదినగారి మీద. ఇంట్లో నలుగురం వంతులేసుకుని చదివాం. డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి గొంతు సవరించుకున్నాడు, అంతే, పుస్తకం అయిపోయింది. చివరి నాలుగు పేజీలు ఎవరో చింపేశారు. షాపాయన్ని అడిగితే "తీసుకెళ్ళేటప్పుడే చూసుకోవాలమ్మా" అన్నాడు, అర్ధరూపాయి మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

ఆ వేసవంతా హంతకుడెవరనే గొడవే మా ఇంట్లో. చివరిదాకా హాయిగా చదివిన డిటెక్టివ్ యుగంధర్ పుస్తకాలు, మధుబాబు షాడో పుస్తకాలు బోలెడున్నాయి, వాటిల్లో చాలా కథలు ఇప్పుడు నాకు గుర్తులేవు, ఇది మాత్రం గదిలో కుర్చీ ఎక్కడుందో కూడా గుర్తుంది. అప్పట్నుంచి నాకో పిచ్చి లెక్క పట్టుకుంది, ఏ మిస్టరీ చదివినా దీనికి చివరి నాలుగు పేజీలు లేకపోతే ఇంకేమన్నా మిగుల్తుందా అని చూసుకుంటా. ఇప్పుడు రోజూ ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట్ దాకా మెట్రోలో చదువుతా కాబట్టి లెక్క వేసుకోడానికి టైమూ బాగానే దొరుకుతోంది.

ముందు అందరూ చెప్పే ద సైలెంట్ పేషెంట్ సంగతి. అలెక్స్ మైకేలిడీస్, 2019. అలీషియా అనే పెయింటర్ మొగుణ్ణి ఐదుసార్లు కాల్చి చంపుతుంది, ఆ తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడదు, ఆమెని మాట్లాడిస్తా అని ఒక సైకోథెరపిస్ట్ వస్తాడు. ఈ పుస్తకం చదువుతూ నేను అమీర్‌పేట్‌లో దిగాల్సింది ఎర్రగడ్డలో దిగా. పిచ్చాసుపత్రి కథ చదువుతూ ఎర్రగడ్డలో దిగావా అని ఆఫీసులో ఆర్నెల్లు ఏడిపించారు నన్ను. అంత లాక్కెళ్ళిపోతుంది, అబద్ధం చెప్పను. రచయిత కొన్నాళ్ళు సైకియాట్రిక్ యూనిట్లో పనిచేసినవాడే, అందుకే ఆ వార్డుల్లో మనుషులు ఒకళ్ళమీద ఒకళ్ళు వేసుకునే చిన్న చిన్న ఎత్తులు బాగా రాశాడు. కానీ రెండేళ్ళ తర్వాత మళ్ళీ చదివితే ఏం లేదండి లోపల. ట్విస్ట్ తెలిసిపోయాక ఆ సైడ్ క్యారెక్టర్లందరూ మనల్ని పక్కదారి పట్టించడానికి పెట్టిన దిష్టిబొమ్మలని తెలిసిపోతుంది. మొత్తం బరువంతా చివర్లోనే ఉంది, ఆ పేజీలు చింపేస్తే మిగిలేది అట్టే.

ద హౌస్‌మెయిడ్ (2022) గురించి మా చెల్లెలి కూతురు బుర్ర తినేస్తే చదివా. ఫ్రీడా మెక్‌ఫాడెన్ అసలు వృత్తి డాక్టరు, మెదడుకి దెబ్బ తగిలినవాళ్ళకి వైద్యం చేసేవారట, ఫ్రీడా అన్నది కలంపేరు. జైలు నుంచి వచ్చిన మిల్లీ ఒక డబ్బున్నవాళ్ళింట్లో పనికి చేరుతుంది, ఆమెకిచ్చిన అటక గదికి గడియ బయటవైపే ఉంటుంది. ఆ ఒక్క గడియతో సగం పుస్తకం నడిపేసింది మహాతల్లి, దానికి మాత్రం దణ్ణం పెట్టాలి. ఇల్లంతా చిందరవందర చేసి పనమ్మాయి మీద అరిచే ఆ యజమానురాలు మన టీవీ సీరియల్ అత్తగారే, సగం దాటాక మొత్తం తిరగబడుతుంది, ఒక్క రాత్రిలో అయిపోతుంది. మొదటిది చదివినప్పుడు వేడన్నంలో ఆవకాయలా ఉంది. తర్వాత ఆవిడవే వరసగా ఇంకో రెండు చదివా, ఇక్కడ తిప్పుతుంది చూడు అనుకున్నచోటే తిప్పింది. సినిమా కూడా 2025లో వచ్చేసింది కాబట్టి ఎవరో ఒకరు చెప్పేసేలోపు చదివేయండి, చెప్పేశాక చదవడం దండగ.

నా లెక్కని దెబ్బకొట్టిన పుస్తకం ఒకటుంది. కీగో హిగాషినో రాసిన ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్. మరీ కొత్తది కాదు, జపాన్‌లో 2005, ఇంగ్లీషులో 2011. హత్య మన కళ్ళముందే జరుగుతుంది, వేధించే మాజీ మొగుణ్ణి తల్లీకూతుళ్ళు చంపేస్తారు, పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు తలుపు కొట్టి మిగతాది నేను చూసుకుంటా అంటాడు. మన వెంకటేష్ దృశ్యం లాగా ఉందే అంటారు చాలామంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ అక్కడ రాంబాబు కాపాడుకునేది తన పెళ్ళాం పిల్లల్ని. ఇక్కడ ఈ మాస్టారు వాళ్ళకి ఏమీ కాడు, ఆమె పనిచేసే కొట్లో రోజూ మధ్యాహ్నం భోజనం డబ్బా కొనుక్కునే మనిషి, అంతే. ఎవరు చేశారో మొదట్లోనే తెలుసు కాబట్టి చివర్లో ఇంకేం ఉంటుందిలే అనుకుంటాం చూడండి, అక్కడ పడతాం. ఈ పుస్తకానికి గనక చివరి నాలుగు పేజీలు చిరిగుంటే నేను ఆ షాపాయన్ని వదిలేదాన్ని కాదు. జానే జాన్ అని 2023లో హిందీ సినిమా వచ్చింది, అది చూసేశాం కదా అని పుస్తకం మానేయకండి.

జపాన్‌దే ఇంకోటి, ఉకెట్సు రాసిన స్ట్రేంజ్ పిక్చర్స్, అక్కడ 2022, ఇంగ్లీషులో 2025. ఈయన మొహం ఎవరికీ తెలీదు, తెల్ల మాస్కు, ఒంటినిండా నల్ల బట్టలు, గొంతు కూడా మార్చి యూట్యూబ్ వీడియోలు చేస్తాడు. అదంతా వేషం అనుకుని చాన్నాళ్ళు పక్కన పెట్టా, పొరపాటు చేశా. తల్లిని చంపిన ఒక చిన్నపిల్ల గీసిన బొమ్మతో మొదలవుతుంది, ఇల్లు ఉంటుంది కానీ దానికి తలుపుండదు, చెట్టు కొమ్మలు ముళ్ళలా ఉంటాయి, ఆ చెట్టు తొర్రలో ఒక పిట్ట. తర్వాత ఒకతని బ్లాగు, కడుపుతో ఉన్న భార్య వేసిన బొమ్మలు అందులో పెడుతుంటాడు, పుట్టబోయే బిడ్డ పెద్దయితే ఎలా ఉంటాడని. ఆ బొమ్మల్ని మనం కూడా పుస్తకం అటూ ఇటూ తిప్పి చూస్తాం, నిజంగా తిప్పుతాం. మెట్రోలో పక్కన కూర్చున్న పెద్దాయన "ఏందమ్మా పజిలా" అని వంగి చూశాడు, చైతన్యపురిలో ఎక్కినాయన నాంపల్లి దాకా నాతో పాటు బుర్ర గోక్కున్నాడు. భాష మాత్రం చప్పగా ఉంటుంది, మనుషులు అట్టముక్కల్లా మాట్లాడతారు, అది ఒప్పుకోవాలి. కిండిల్‌లో కొనకండి, ఈ ఒక్కటీ కాగితం పుస్తకమే కొనండి.

నవ్వుతూ చదవాలంటే బెంజమిన్ స్టీవెన్సన్ రాసిన ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హ్యాజ్ కిల్డ్ సమ్‌వన్ (2022). ఆస్ట్రేలియాలో మంచు రిసార్టులో కుటుంబమంతా కలుస్తుంది, శవం దొరుకుతుంది, మామూలే. కథ చెప్పేవాడు ముందే ఏ పేజీల్లో చావులున్నాయో నంబర్లతో సహా చెప్పేస్తాడు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ ఫాదర్ డిటెక్టివ్ కథలకి పది రూల్స్ పెట్టాడు, రహస్య గదులు ఒకటికి మించి ఉండకూడదు, కవలలుంటే పాఠకుడికి ముందే సూచన ఇవ్వాలి, ఇలాంటివి. వాటిని ముందు పెట్టుకుని నేను మోసం చెయ్యను అంటూ కథ నడుపుతాడు. మధ్యలో కాస్త తెలివితేటలెక్కువై విసుగొచ్చిన మాట నిజమే, ఐనా పేజీ నంబరు ఇచ్చి మరీ మనల్ని బోల్తా కొట్టించాలంటే దమ్ముండాలి.

ద థర్స్‌డే మర్డర్ క్లబ్ (2020) మా అమ్మ కోసం. రిచర్డ్ ఆస్మన్ రాసింది, ఇంగ్లండ్‌లో కెంట్ దగ్గర ఒక రిటైర్మెంట్ విలేజ్, అందులో నలుగురు పెద్దవాళ్ళు గురువారం గురువారం కూర్చుని తేలని పాత కేసులు తవ్వుతుంటారు, ఈలోపు పక్కనే హత్య జరుగుతుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, రోజూ రాత్రి ఫోన్లో నేనే ఒక చాప్టర్ తెలుగులో చెప్పేదాన్ని. నిజం చెప్పాలంటే హత్య కథ అంత గట్టిది కాదు, చివర్లో ముడులన్నీ హడావుడిగా విప్పేశాడు. కానీ జాయిస్ అనే ఆవిడ డైరీ ఉంటుంది, కేకు గురించి, కూతురు ఫోన్ చెయ్యకపోవడం గురించి, మధ్యలో శవం గురించి. అమ్మ రోజూ "జాయిస్ ఏమంది ఇవాళ" అని అడిగేది. పుస్తకం అయిపోయాక కూడా చంపిందెవరు అని ఒక్కసారి అడగలేదు, జాయిస్ మళ్ళీ ఎప్పుడొస్తుంది అని అడిగింది, అదృష్టం కొద్దీ తర్వాతి భాగాలున్నాయి. నెట్‌ఫ్లిక్స్ సినిమా చూపిస్తే మాత్రం "ఈవిడ జాయిస్ కాదు" అని లేచి వెళ్ళిపోయింది.

లిజ్ మూర్ రాసిన ద గాడ్ ఆఫ్ ద వుడ్స్ (2024) వీటన్నిటికన్నా బాగా రాసిన పుస్తకం, 1975లో అడవిలో సమ్మర్ క్యాంపు నుంచి ఒక అమ్మాయి మాయమవుతుంది, ఆమె పుట్టకముందు అన్న కూడా అలాగే మాయమై ఉంటాడు, కానీ నిదానంగా నడుస్తుంది, మీరు ట్విస్టుల కోసం అడిగారు కాబట్టి ఊరికే చెప్పి వదిలేస్తున్నా. హరిణి నాగేంద్ర రాసిన ద బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్ (2022) 1921 నాటి బెంగళూరు కోసం చదవొచ్చు, చీరకట్టులో లెక్కలు చేసుకుంటూ హత్య ఆరా తీసే కావేరి ముద్దుగా ఉంటుంది, మిస్టరీ మాత్రం మజ్జిగ పులుసంత పలచన.

ఇక హారర్. ఇక్కడ నా లెక్క పూర్తిగా తలకిందులు. యండమూరి చేతబడి నవల తులసిదళం ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చినప్పుడు అమ్మ వారం వారం ఆ పేజీలు చింపి దాచి దారంతో కుట్టుకుంది, అప్పట్లో అందరూ చేసేవాళ్ళు కదా. అందులో ఒక వారం పేజీలు లేవు, పక్కింటావిడ తీసుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదు. చేతబడి జరుగుతున్న ఆ చిన్నపిల్లకి ఆ వారం ఏమై ఉంటుందా అని నేను ఊహించుకున్నవి నా పదమూడో ఏట నన్ను బాత్రూమ్‌కి ఒంటరిగా పోనివ్వలేదు. పెద్దయ్యాక పూర్తి పుస్తకం కొని ఆ భాగం చదివితే నేను అనుకున్నదాంట్లో పావు వంతు కూడా లేదు! కాబట్టి హారర్‌కి పేజీలు పోతేనే మంచిదేమో అనిపిస్తుంది.

మెక్సికన్ గోతిక్ (2020) అలాంటి కేసే. సిల్వియా మొరేనో గార్సియా. 1950ల మెక్సికో, మొగుడు విషం పెడుతున్నాడని అక్క వరస అయ్యే అమ్మాయి ఉత్తరం రాస్తే నోయెమీ కొండమీద ఇంగ్లీషు గనుల దొరల ఇంటికి వెళ్తుంది. గోడలకి బూజు. వానాకాలంలో మనిళ్ళల్లో గోడకి చెమ్మ పట్టి మరకలు మొహాల్లా కనపడతాయే, సరిగ్గా అదే భయం, రెండొంతులు పుస్తకం వరకూ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ బూజు ఏంటో, ఎందుకో విడమర్చి చెప్పడం మొదలెట్టగానే భయం కాస్తా సైన్సు పాఠమైపోయింది. దీనికి చివరి నలభై పేజీలు నేనే చింపేసేదాన్ని.

అసలు భయపడాలంటే స్టీఫెన్ గ్రాహం జోన్స్ రాసిన ది ఓన్లీ గుడ్ ఇండియన్స్ (2020). ఇండియన్స్ అంటే మనం కాదు, అమెరికాలో బ్లాక్‌ఫీట్ తెగవాళ్ళు. నలుగురు స్నేహితులు వేటాడకూడని చోట దుప్పుల్ని వేటాడతారు, పదేళ్ళ తర్వాత ఆ చంపినవాటిల్లో ఒక దుప్పి వెంటపడుతుంది. ఒకతను ఇంట్లో నిచ్చెనెక్కి లైటు చూస్తూ తిరుగుతున్న ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి కిందకి చూస్తాడు, హాల్లో నేలమీద ఆ దుప్పి పడుంటుంది. అంతే. ఆ పేజీ చదివి వారం రోజులు ఫ్యాన్ వంక చూడలేదు, అదీ మే నెలలో. బాస్కెట్‌బాల్ గొడవ, అర్థంకాని యాస చాలా ఉన్నాయి, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి.

మీకు మొదట ఏది అంటే స్ట్రేంజ్ పిక్చర్స్, తర్వాత సస్పెక్ట్ ఎక్స్. హౌస్‌మెయిడ్ ప్రయాణంలో పెట్టుకోండి, గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చేలోపు అయిపోతుంది.

అన్నట్టు ఆ రైస్ మిల్లు ఓనరు సంగతి. మా తమ్ముడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మొన్న సంక్రాంతికి వీడియో కాల్‌లో మళ్ళీ ఆ మాట వచ్చింది. వాడు ఇప్పటికీ కాంపౌండరే అంటాడు. కాదండి. వదినగారే.